యాభై పౌండ్ల హోదా

కలెక్టరుగారిని టెన్నిస్‌లో ఓడించకూడదన్న సంగతి వింధ్యావళికి తెలియక కాదు. ఆ సాయంత్రం మోచేయి ఎంత సలిపిందంటే, ఆట తొందరగా అయిపోతే చాలనుకుంది. కలెక్టరుగారి చేతిలో ఓడిపోవాలంటే చాలాసేపు ఆడాలి. ఆయన కొట్టే బంతులకి ఓడిపోవడానికి బోలెడు ఓపిక, అంతకు మించిన నేర్పు కావాలి. ఆ రోజు ఆవిడ దగ్గర రెండూ లేవు. అందుకని గబగబా గెలిచేసి, బెంచీ మీద కూర్చుని, మోచేతికి ఐసుముక్క పెట్టుకుంది.

వింధ్యావళి ఆ జిల్లాకి సహకార అధికారి. జిల్లా కొత్తగా పుట్టింది, ఆవిడ మాత్రం పాత టెన్నిస్ మనిషి. యూనివర్సిటీ రోజుల్లో జట్టు కెప్టెన్. పొద్దస్తమానం ఎరువుల సొసైటీల తగాదాలు విని విని, సాయంత్రం ఐదున్నరకి రాకెట్ చేత పట్టుకుంటే గాని ఆవిడకి ప్రాణం లేచి వచ్చేది కాదు. కొబ్బరికాయల మార్కెట్ యార్డులో పాత గోదాం వెనక స్థలం చదును చేసి ఆఫీసర్స్ క్లబ్బు వాళ్లు పక్కపక్కనే రెండు కోర్టులు వేశారు, పెద్దది అధికారులకి, చిన్నది సూపరింటెండెంట్లకి. ఊళ్లో ఉన్న టెన్నిస్ కోర్టులు అవే.

ఆ పొద్దున్నే ఎముకల డాక్టరు ఆవిడ చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, “రాకెట్ గట్టింగ్ ఎంత బిగువులో ఉందండి?” అని అడిగాడు.

“యాభై ఆరు పౌండ్లండి.”

“యాభైకి దించండి. లేదంటే ఆట మానేయండి. మూడో దారి లేదు.”

రాకెట్ చట్రంలో జల్లెడలాగా అల్లే తీగల్నే గట్టింగ్ అంటారు. వాటిని ఎంత లాగి కట్టారో పౌండ్లలో చెబుతారు. బాగా బిగిస్తే బంతి చెప్పిన చోటికే పోతుంది కానీ, దెబ్బంతా చేతికి తగులుతుంది. కాస్త వదులుగా ఉంటే బంతి తనంత తనే ఎగిరిపోతుంది, చెయ్యి సుఖపడుతుంది. ఎవరి చేతికి ఏది నప్పితే అదే వాళ్లకి సరైన బిగువు. ఇందులో ఇంతకు మించి ఏమీ లేదు. ఉందని కనిపెట్టడానికి ఒక ప్రభుత్వ యంత్రాంగం అవసరమైంది.

ఓడిపోయిన కలెక్టరుగారు మొహం మాడ్చుకుని వచ్చి పక్కన కూర్చున్నారు. మర్యాదకి, “చేతికేమైంది?” అని అడిగారు.

“గట్టింగ్ బిగువు ఎక్కువైంది సార్. యాభై ఆరుంది. దించాలి. మీదెంత సార్?”

“యాభై రెండనుకుంటా.”

అంతే. ఆవిడ నోరు జారింది. వెనకాల తువ్వాలు పట్టుకుని నిలబడ్డ భీమశంకరం చెవులు నిక్కబొడుచుకున్నాయి. భీమశంకరం కలెక్టరేట్‌లో పరిపాలనాధికారి, క్లబ్బుకి కార్యదర్శి. పై అధికారి మొహంలో దిగులు కనిపిస్తే ఆయనకి అన్నం సహించదు.

“అదీ సంగతి సార్,” అన్నాడు. “మేడమ్ గారిది యాభై ఆరు, తమరిది యాభై రెండు. నాలుగు పౌండ్లు తక్కువగా ఉండి కూడా తమరు అంతసేపు నిలబడ్డారంటే అది మామూలు విషయం కాదు.”

కలెక్టరుగారి మొహం కాస్త తేటపడింది. “అంటే, ఓడింది నేను కాదంటారా?”

“ఓడింది గట్టింగ్ సార్. జిల్లా అధిపతి రాకెట్ కన్నా కింది అధికారి రాకెట్ బిగువుగా ఉండడమన్నది పరిపాలనాపరంగా ఆలోచించదగిన అంశం.”

“బిగువు ఎక్కువున్నంత మాత్రాన గెలవరు సార్,” అంది వింధ్యావళి. ఆ మాట ఎవరూ వినిపించుకోలేదు. ఓదార్పు దొరికిన మనిషికి వివరణలు రుచించవు.

ఆలోచించదగిన అంశం గనక ఒక కమిటీ పడింది. కమిటీకి భీమశంకరమే కన్వీనరు. జీడిపప్పు ఉప్మా తిని కాఫీలు తాగాక, ఆయన గొంతు సవరించుకుని చదివాడు. “క్రీడా పరికరముల యందలి బిగువు ఇప్పటివరకు ఏ నియమమూ లేక, ఎవరికి తోచినట్లు వారు నిర్ణయించుకొనుచున్నట్లు కమిటీ దృష్టికి వచ్చినది. ఇది విచారకరము. బిగువు అనగా అదుపు. అదుపు అనునది హోదాను బట్టి ఉండవలెను. కావున జిల్లా కలెక్టరు వారికి డెబ్బై రెండు పౌండ్లు, తదుపరి వారికి క్రమముగా తగ్గుచు, జిల్లా స్థాయి అధికారులకు అరవై, సూపరింటెండెంట్లకు యాభై పౌండ్లు నిర్ణయించడమైనది.”

వింధ్యావళి లేచింది. “అరవై అయితే నా చెయ్యి పడిపోతుందండి. డాక్టరు యాభై అన్నాడు. అయినా బిగువు పెరిగితే పవర్ తగ్గుతుంది. డెబ్బై రెండు పెడితే సార్ కొట్టిన బంతి నెట్ కూడా దాటదు.”

భీమశంకరం కళ్లజోడు తీశాడు. “కలెక్టరు గారికి పవర్ తగ్గుతుందని మినిట్స్‌లో రాయమంటారా మేడమ్?”

ఆవిడ కూర్చుంది.

వారం తిరిగేలోపు క్లబ్బులో రాకెట్లన్నిటికీ హోదా ప్రకారం కొత్త గట్టింగ్ చేయించారు. ఎవరూ గుట్టుగా మార్చుకోకుండా హ్యాండిల్ దగ్గర, కరెంటు మీటరుకి వేసినట్టు, సీసం సీలు వేశారు. సీలు లేని రాకెట్‌తో లోపలికి రానివ్వరు.

ఇక చూడాలి సంబరం. మొన్నటిదాకా టెన్నిస్ అంటే ఎండలో పరుగులని మొహం చిట్లించిన వాళ్లు కూడా పౌండ్ల కోసం క్లబ్బులో చేరారు. వ్యవసాయశాఖాయన ఉద్యానశాఖకి కూడా ఇన్‌ఛార్జి. రెండు హోదాలకి కలిపి నూట ఇరవై పౌండ్లు ఇప్పించమని అర్జీ పెట్టుకున్నాడు. అంత బిగిస్తే రాకెట్ చిట్లిపోతుందని గట్టింగ్ చేసేవాడు మొత్తుకుంటే, అదనపు బాధ్యతకి పదోవంతు భత్యం ఇచ్చే పద్ధతిలో అరవై ఆరుకి రాజీ కుదిర్చారు. సస్పెండైన ఒక తహసీల్దారు రాకెట్‌లో గట్టింగ్ కోసేసి ఖాళీ చట్రం చేతికిచ్చారు. పాపం ఆయన దాంతోనే రోజూ వచ్చి, దర్జాగా ఊపి వెళ్లేవాడు.

తీగలు వాడేకొద్దీ వదులవుతాయి. అది వాటి స్వభావం. తనిఖీలో మార్కెటింగ్‌శాఖాయన రాకెట్‌లో రెండు పౌండ్లు తగ్గినట్టు తేలింది. ‘తమకు ప్రభుత్వము ప్రసాదించిన హోదాను కాపాడుకొనుటలో నిర్లక్ష్యము వహించినందున తమపై చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను’ అని తాఖీదు వెళ్లింది. ఆయన మూడు రోజులు అన్నం తినలేదు.

కలెక్టరుగారి డెబ్బై రెండు పౌండ్ల రాకెట్‌కి బంతి తగిలితే కొబ్బరికాయ కొట్టినట్టు ఠక్కుమని చప్పుడయ్యేది. బంతి మాత్రం ఆయన కాళ్ల దగ్గరే పడేది. చుట్టూ ఉన్నవాళ్లు, “ఏం అదుపు సార్,” అనేవారు. నిజమే, ఆ బంతి ఎక్కడికీ పోయేది కాదు. నెల తిరక్కుండా ఆయన మోచేతికి కట్టు వచ్చింది. మర్నాటికి ఇంకో నలుగురు అధికారులు నొప్పి లేకపోయినా కట్లు కట్టుకుని వచ్చారు.

వింధ్యావళికి మాత్రం నిజంగానే నొప్పి. అరవై పౌండ్లతో మూడు రోజులు ఆడేసరికి రాత్రి అన్నం కలుపుకోవడానికి చెయ్యి లేవలేదు. పక్క కోర్టు అరుగు మీద కూర్చుని సూపరింటెండెంట్ల ఆట చూస్తూ ఉండేది. వాళ్లు యాభై పౌండ్లతో హాయిగా, నవ్వుకుంటూ ఆడుకుంటున్నారు. తన ఆఫీసు సూపరింటెండెంటు గున్నేశ్వరరావైతే చెంగుచెంగున గెంతుతున్నాడు. జీవితంలో మొదటిసారి కింది ఉద్యోగిని చూసి ఆవిడకి అసూయ పుట్టింది.

మర్నాడు వెళ్లి భీమశంకరం ఎదట కూర్చుంది.

“బిగువు తగ్గించే రూలు లేదండి మేడమ్,” అన్నాడాయన సానుభూతిగా. “పౌండ్లు హోదాకి గాని మనిషికి కాదు. హోదా తగ్గితేనే పౌండ్లు తగ్గుతాయి.”

“అయితే హోదా తగ్గించండి.”

భీమశంకరం కలం కింద పెట్టాడు. “అంటే, రివర్షనా మేడమ్?”

“ఆఁ. సూపరింటెండెంటుగా. రోజూ సాయంత్రం ఐదున్నర నుంచి.”

“ఎప్పటిదాకా?”

“ఏడింటిదాకా. తర్వాత బంతి కనపడదు కదండీ.”

ఆయన కోప్పడతాడనుకుంది. ఆయన కళ్లు మెరిశాయి. సర్వీసంతా పాత కాగితాలు చూసి కొత్త కాగితాలు రాసిన మనిషికి, ఎవరూ ఎప్పుడూ రాయని కాగితం రాసే యోగం ఇన్నాళ్లకి పట్టింది. ఆ రాత్రి ఇంటికి కూడా వెళ్లలేదట. ఉత్తర్వు ఇలా వచ్చింది. ‘సదరు అధికారిణి స్వచ్ఛంద అభ్యర్థన మేరకు ప్రతిదినము సాయంత్రము ఐదున్నర గంటల నుండి ఏడు గంటల వరకు సూపరింటెండెంటు హోదాకు తగ్గించబడినది. సదరు సమయమున ఆమెకు అధికారిణికి చెందవలసిన నమస్కారములు చెందవు.’

సీలు తీసి, యాభైకి కట్టి, మళ్లీ సీలు వేసిచ్చారు. ఐదున్నరకి వింధ్యావళి అరుగు దిగి సూపరింటెండెంట్ల కోర్టులోకి నడిచింది. గున్నేశ్వరరావు రాకెట్ చంకలో పెట్టుకుని రెండు చేతులూ జోడించాడు.

“మేడమ్ గారండీ, మమ్మల్ని ఇబ్బంది పెట్టకండి.”

“ఏడింటిదాకా మేడమ్ లేదండి. నమస్కారాలు కూడా లేవు, ఆర్డరులో ఉంది. మీరు నాకంటే పద్దెనిమిదేళ్లు సీనియర్. సర్వీస్ చెయ్యండి.”

ఆయన చంకలోంచి రాకెట్ తీసి చేశాడు. ఆవిడ కొట్టిన బంతి నెట్ మీదుగా మెత్తగా లేచి అవతలి మూల గీత మీద పడింది. మోచేతిలో ఏమీ జరగలేదు. మళ్లీ కొట్టింది. ఏమీ జరగలేదు. వింధ్యావళికి ఏడుపొచ్చినంత సంతోషం వేసింది. పాతికేళ్ల కిందటి చెయ్యి ఎక్కడికీ పోలేదు, పై నుంచి ఆర్డరు కోసం కాచుకుని ఉందనిపించింది.

నాలుగు రోజులకి గున్నేశ్వరరావు బెరుకు పోయింది. వారానికి, “వింధ్యావళి గారూ, కోర్టు పక్క కాలవలో పడ్డ బంతి మీరే తేవాలండి, జూనియర్లే తెచ్చుకోవాలి,” అనే దాకా వచ్చాడు. ఆవిడ వెళ్లి తెచ్చింది. ఓ సాయంత్రం ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని నిమ్మసోడా తాగుతుండగా ఆయన మనసు విప్పాడు.

“పొద్దున మా ఆఫీసరుగారు నా సెలవు చీటీ పక్కన పడేశారండి. అమ్మాయిని కాలేజీలో దింపి రావాలి. ఆవిడ మనిషి మంచిదే గాని, పొద్దుటిపూట కొంచెం చిరాకెక్కువండి.”

వింధ్యావళి సోడా గుటక వేసి ఆలోచించింది. “రేపు పదకొండు దాటాక అడిగి చూడండి. అప్పటికి కాఫీ తాగి ఉంటారు.”

“అంతేనంటారా?”

“నాకు బాగా తెలుసు ఆవిడ సంగతి.”

మర్నాడు పదకొండు దాటాక సెలవు మంజూరైంది.

ఇంత సుఖం దాగుతుందా? ముందు మార్కెటింగ్‌శాఖాయన, ఆనక వ్యవసాయశాఖాయన రివర్షన్‌కి దరఖాస్తు పెట్టుకున్నారు. ఉద్యానశాఖ ఆనవాలుగా ఐదు పౌండ్లు మిగల్చమని వ్యవసాయశాఖాయన బతిమాలుకున్నాడు. భీమశంకరం ఉత్తర్వుల మీద ఉత్తర్వులు దంచాడు. ఒక్కొక్కరే అరుగు దిగి యాభై పౌండ్ల కోర్టులోకి వచ్చి, కాలవలో బంతులు ఏరుకుంటూ, ఒకరి ఆఫీసర్లని ఒకరి దగ్గర తిట్టుకుంటూ కాలక్షేపం చేయసాగారు. పెద్ద కోర్టులో కలెక్టరుగారు ఒక్కరే మిగిలారు. ఆయన హోదాకి దగ్గర్లో ఉన్నవాళ్లే ఆయనతో ఆడాలని సర్క్యులర్. అందుకని గోదాం గోడతో ఆడుకునేవారు. గోడకి హోదా లేదు గనక భీమశంకరం అభ్యంతరం చెప్పలేదు. కానీ గోడ కూడా ఆయన్ని ఓడించేది.

చివరికి ఒకనాడు కలెక్టరుగారు గొంతు తగ్గించి, “నన్ను ఎవరు రివర్ట్ చెయ్యాలి?” అన్నారు.

“రాజధాని సార్. కాస్త ఆలస్యమవుతుంది. ఈలోగా, అనుమతి వస్తుందన్న నమ్మకంతో, తమరే తమర్ని తగ్గించుకోవచ్చు. తర్వాత ఖరారు చేయించుకుందాం.”

ఆ సాయంత్రం నుంచి కలెక్టరుగారు కూడా కిందికి దిగారు. యాభై పౌండ్లతో ఆయన మొట్టమొదటి బంతి నెట్ దాటింది. ఆయన చిన్నపిల్లాడిలా గంతేశారు. ఆ రోజు మొదలు, సాయంత్రం ఐదున్నరకి జిల్లాలో అధికారి అన్నవాడు ఒక్కడూ ఉండేవాడు కాదు. ఏడింటికల్లా అందరూ తిరిగి వచ్చేవారు గనక ఆ లోటు ఎవరికీ తెలియలేదు.

తెలిసే రోజు రానే వచ్చింది. రాజధాని నుంచి ఒక పెద్ద కార్యదర్శి కబురూ కాకరకాయా లేకుండా ఆరింటికి దిగాడు. కలెక్టరేట్ బోసిగా ఉంటే అడుగుతూ అడుగుతూ కోర్టు దగ్గరికి వచ్చాడు. పంట్లాం మోకాళ్ల దాకా మడుచుకుని కాలవలోంచి బంతి తీస్తున్న మనిషి ఎక్కడో చూసినట్టనిపించి ఆగాడు.

“మీరు కలెక్టరు కాదూ?”

“ఏడింటికి సార్.”

“ఇప్పుడు?”

“సూపరింటెండెంటుని సార్. ఈమధ్యే చేరాను.”

కార్యదర్శి చుట్టూ చూశాడు. అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. “ఈ జిల్లాకి ఈ క్షణాన బాధ్యులెవరు?”

అందరి చూపులూ గున్నేశ్వరరావు మీదికి తిరిగాయి. పద్దెనిమిదేళ్ల సీనియారిటీ మరి. ఆయన చెమట తుడుచుకుని ముందుకొచ్చాడు.

“నేనేనండి. ఏం కావాలండి?”

“గెస్ట్‌హౌస్ తాళం కావాలి. పొద్దుట్నించీ కారులో ఉన్నాను.”

“తాళం ఇవ్వాలంటే ఆఫీసరు గారి సంతకం ఉండాలండి. ఏడింటికి వస్తారు. అందాకా ఆ బెంచీ మీద కూర్చోండి. సోడా తాగుతారా?”

కార్యదర్శి కూర్చున్నాడు. రూలు అర్థమైన మనిషి గనక కూర్చున్నాడు. ఏడు కొట్టగానే కోర్టు నిండా ఉన్న సూపరింటెండెంట్లు ఉన్నపాటున అధికారులైపోయి, చొక్కాలు సర్దుకుని, వరసగా వచ్చి ఆయనకి నమస్కారాలు పెట్టారు. గున్నేశ్వరరావు రెండడుగులు వెనక్కి వేసి వింధ్యావళి బ్యాగు అందుకున్నాడు.

“దీన్ని మొదలుపెట్టింది ఎవరు?” అన్నాడు కార్యదర్శి.

వింధ్యావళి చెయ్యెత్తింది. చెయ్యి నొప్పి లేకుండా లేచినందుకు ఆ భయంలోనూ ఆవిడకి సంతోషంగానే ఉంది.

“ఈవిడ మీద చర్య తీసుకోండి.”

భీమశంకరం నీళ్లు నమిలాడు. “చిక్కుంది సార్. తప్పు జరిగిన సమయానికి ఈవిడ సూపరింటెండెంటు. సహకార శాఖ సూపరింటెండెంటు మీద చర్య తీసుకోవలసింది జిల్లా సహకార అధికారి.”

“పిలిపించండి ఆయన్ని.”

“ఈవిడే సార్.”

“తాఖీదు ఇమ్మంటే రేపు ఇస్తానండి,” అంది వింధ్యావళి. “సాయంత్రానికి జవాబు కూడా ఇప్పిస్తాను.”

కార్యదర్శి తాళం తీసుకుని వెళ్లిపోయాడు. పెద్ద బుర్రలు నిదానంగా గాని పనిచెయ్యవు కాబోలు. పదిరోజులకి రాజధాని నుంచి ఉత్తర్వు దిగింది. రివర్షన్లన్నీ రద్దు. ఇలాంటిది మళ్లీ జరగకుండా ఉండాలంటే, దీనికి మూలమైన అధికారిణిని కిందికి దిగడానికి వీలులేనంత ఎత్తుకి ఎక్కించడమే మార్గం. అందుచేత ఆవిడ పోస్టు స్థాయి పెంచి, అక్కడే ప్రమోషన్ ఇచ్చారు. ‘ప్రజాప్రయోజనార్థము’ అని కింద రాసి ఉంది గనక వద్దనడానికి లేదు.

పౌండ్లు అరవై ఆరు.

క్లబ్బులో సన్మానం చేశారు. పూతరేకులు పంచారు. కొత్త సీలు వేసిన రాకెట్‌ని వెండిపళ్లెంలో పెట్టి కలెక్టరుగారే అందించారు. ఆయనది మళ్లీ డెబ్బై రెండుకి ఎక్కింది. మొహంలో ఆ గంతు లేదు.

“రండి మేడమ్. ప్రమోషన్ వచ్చింది గనక ఇప్పుడు మీరు నాతో ఆడొచ్చు,” అన్నారు.

వింధ్యావళి కోర్టులోకి వెళ్లి సర్వీస్ చేసింది. మోచేతిలో మొదలైన నొప్పి భుజం దాకా పాకింది. రాకెట్ చేతిలోంచి జారిపోబోతే రెండో చేత్తో పట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్క కోర్టులో యాభై పౌండ్ల బంతులు మెత్తగా ఎగురుతున్నాయి. గున్నేశ్వరరావు ఆట ఆపి ఇటే చూస్తున్నాడు. దించాలి, లేదా మానాలి, మూడో దారి లేదన్నాడు డాక్టరు. దించడానికి ప్రభుత్వం ఒప్పుకోదు. మానడానికి తను ఒప్పుకోదు.

అలా నిలబడిపోయిన వింధ్యావళి, రాకెట్‌ని మళ్లీ కుడిచేతికి మార్చలేదు.

“మేడమ్ గారూ,” అరుగు మీద నుంచి భీమశంకరం కంగారుగా పిలిచాడు. “అది ఎడమచెయ్యండి.”

“తెలుసండి. ఈ చెయ్యి సంతకాలు పెట్టదు. దీనికి ప్రమోషన్ రాలేదు.”

“మరి ఆ చెయ్యి కూడా పాడైతేనో?”

“అంత గట్టిగా కొట్టడం నేర్చుకునేసరికి రిటైరైపోతాను లెండి.”

భీమశంకరం సర్క్యులర్ మొదట్నించీ చివరిదాకా తిరగేశాడు. చేతుల ప్రస్తావన ఎక్కడా లేదు. తను రాసిన దాంట్లో ఇంత పెద్ద సందు ఉండిపోయినందుకు ఆయన చిన్నబోయాడు.

వింధ్యావళి ఎడమచేత్తో కొట్టిన మొదటి బంతి నెట్‌కి తగిలింది. రెండోది గోదాం కప్పు మీదికి పోయింది. మూడోది పోయి పోయి గున్నేశ్వరరావు సోడా గ్లాసులో పడింది. యూనివర్సిటీ కెప్టెన్ పోయి, ఆట ఇవాళే మొదలుపెట్టిన మనిషి మిగిలింది. కలెక్టరుగారి ఆట కూడా అంతే గనక పోటీ భలే కుదిరింది. ఇద్దరూ రొప్పుతూ, బంతుల వెంట పరిగెత్తుతూ, చీకటి పడేదాకా ఆడారు. వింధ్యావళి గెలవాలని ప్రాణం పెట్టి ఆడింది.

ఆ సాయంత్రం కలెక్టరుగారు గెలిచారు. ఆ క్లబ్బు పెట్టాక ఆయన నిజంగా గెలవడం అదే మొదలు. ఆ సంగతి కోర్టులో ఉన్న ఇద్దరికీ తెలుసు. ఆయన నెట్ దగ్గరికి వచ్చి ఆవిడ ఎడమచెయ్యి పట్టుకుని ఊపారు.

భీమశంకరం తువ్వాలు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. “ఆరు పౌండ్ల తేడా సార్,” అన్నాడు. “నేను ముందే చెప్పాను.”